నీళ్లాయన సాక్ష్యం

దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీల్లో డానియేలును పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. నీళ్లాయన అంటారు. నీళ్లు వచ్చిన రోజు ఊరికే అంటారు, రాని రోజు ముందొకటి వెనకొకటి తగిలించి అంటారు. జలమండలిలో లైన్‌మన్ కొలువంటే అంతే మరి. పైన ట్యాంకులో నీళ్లు లేకపోతే ఇంజనీరును ఎవరూ తిట్టరు. తిడదామన్నా ఆయన కనపడడు కదా. కనపడేది వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప తాళం పట్టుకుని నిలబడ్డ డానియేలే. అతని తండ్రి మల్లన్న కూడా ఇదే కొలువు చేసి, ఇవే తిట్లు తిని పోయాడు.

అలాంటి డానియేలు ఇంటికి ఆ వారమంతా పొద్దున్నే పాయా వస్తోంది. మేక కాళ్లు రాత్రంతా ఉడికించిన రసం. మూత తీస్తే రెండు గదుల ఇల్లంతా మిరియాల వాసన. ఎవరితోనో పంపకుండా మూలమీది హోటల్ గౌస్ భాయ్ స్వయంగా తెస్తున్నాడు. క్యాను గుమ్మంలో పెట్టి, తాగేదాకా అక్కడే నిలబడతాడు.

“పీలో డానియేల్ భాయ్. హడ్డీ ఇచ్చేటోనికి ఎముకల రసమే పడాలె,” అంటాడు.

భాగ్యశ్రీ గిన్నెలో పోసి మొగుడి ముందు పెట్టింది. పెట్టడంలో కొంచెం చప్పుడు చేసింది. “తాగు. మస్తు కష్టపడుతున్నవు కదా,” అంది, గౌస్ భాయ్‌కి వినపడకుండా. డానియేలు ఆమె వైపు చూడకుండా గిన్నె ఎత్తాడు. పాయా బాగుంది. బాగుండటమే అతనికి కష్టంగా ఉంది.

లోపలి గదిలోంచి చెల్లెలు సోనీ గోడ పట్టుకుంటూ వచ్చింది. సంతోష్‌నగర్‌లో చీరల దుకాణంలో పని ఆమెకు. రోజంతా పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించాలి, మళ్లీ మడతలు పెట్టాలి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగబోయి ఆగిపోయింది. ఒక చేత్తో తలుపు పట్టుకుని, కాలి బొటనవేలితో చెప్పును దగ్గరికి లాక్కుంది.

ఎట్లున్నదని డానియేలు మెల్లగా అడిగాడు.

“రాత్రంత నడుముల ఎముక కొట్టుకుంటనే ఉన్నదన్నా,” అంది సోనీ గుసగుసగా. “గుండె ఎట్ల కొట్టుకుంటది, గట్ల. నా గుండె జారి నడుముల పడ్డదా అనుకున్న.” అని నవ్వింది. నవ్వితే కూడా నొప్పి పుట్టినట్టుంది, పక్కటెముకల మీద చేయి పెట్టుకుంది.

డానియేలు గిన్నె ఆమె వైపు జరిపాడు. సోనీ గుమ్మం బయట నిలబడ్డ గౌస్ భాయ్ వైపు కళ్లతో చూపించి, నువ్వే తాగు అన్నట్టు తల ఊపి, దుకాణానికి వెళ్లిపోయింది. గౌస్ భాయ్ ఆమెకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. ఆ పిల్ల ఒంట్లోకి ఎక్కుతున్న సూదుల గురించి ఆయనకేం తెలుసు.

అబద్ధం ఎవరూ కూర్చుని ఆలోచించి ఆడింది కాదు. తమ్ముడు జోయెల్‌కు రక్త క్యాన్సర్. తోడబుట్టినవాళ్ల ఎముకల మూలుగ ఎక్కిస్తే తప్ప లాభం లేదని డాక్టర్లు చెప్పారు. డానియేలుది కలవలేదు, సోనీది పూర్తిగా కలిసింది. ఆ మాట విని తల్లి ఆగమ్మతో కలిసి అతను ఇంటికి వస్తుంటే, కుళాయి దగ్గర బాలమ్మ ఎదురైంది. బాలమ్మ కొడుకు వివేక్‌కే సోనీని ఇవ్వడానికి మాట ఖాయమైంది. ఎవరిది కలిసింది వదినా అని బాలమ్మ అడగడమేమిటి, మా పెద్దోనిది అని ఆగమ్మ నోట్లోంచి ఊడిపడటమేమిటి. ఎముకలు తోడిన పిల్లను ఎవరు చేసుకుంటారు, రేపు కాన్పు ఎట్లా అవుతుందంటారు అని ఆమె భయం. ఇప్పుడు ఎముకలు తొలిచేది లేదని, నాలుగైదు రోజులు సూదులు వేసి మూలుగలోని విత్తనాన్ని రక్తంలోకి దింపి మిషన్‌తో తీసుకుంటారని, పిల్లకు ఏమీ కాదని డాక్టరమ్మ ఎంత చెప్పినా ఆగమ్మ చెవికెక్కలేదు.

డానియేలు అప్పుడు పక్కనే ఉన్నాడు, తాళం భుజాన పెట్టుకుని. చెల్లె మంచికే కదా అనుకుని నోరు మూసుకున్నాడు. పొద్దున లేచేసరికి గల్లీలన్నిటికీ తెలిసిపోయింది, నీళ్లాయన తమ్ముడికి మూలుగ ఇస్తున్నాడని.

*

రైలు పట్టాల వైపు గల్లీకి నీళ్లు వదలాలంటే రెండు వాల్వులు చూసుకోవాలి. ముందు పెద్దదాన్ని కొంచెం బిగించాలి, తర్వాత గల్లీ మొగదల ఉన్న చిన్నదాన్ని విప్పాలి. గుంత మీద మూతను గడ్డపారతో లేపి, బురద తోడి, తాళాన్ని వాల్వు తల మీద సరిగ్గా కూర్చోబెట్టి, ఒంటి బరువంతా వేసి తిప్పాలి. తుప్పు పట్టిన వాల్వు మొదటి చుట్టుకు మూలుగుతుంది. అది వదిలిందో లేదో చేతికే తెలుస్తుంది. ఎక్కువ తిప్పితే ఎగువ గల్లీ వాళ్లకు ధార సన్నబడుతుంది, అక్కడ లొల్లి. తక్కువ తిప్పితే చివరి ఇళ్లకు చేరదు, ఇక్కడ లొల్లి.

డానియేలు తాళం దించబోతుంటే రామ్‌చందర్ లాక్కున్నాడు. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, డానియేలుకు జోడీ. “నువ్వు జరుగన్నా. గిసొంటి టైంల బరువు ముట్టద్దు,” అన్నాడు. అన్నవాడు అన్నట్టే రెండు వాల్వులూ తనే తిప్పాడు, చెమటలు కక్కుతూ.

ఎదురింటి మహేశ్వరి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసింది. ఎండాకాలంలో ఇదే మహేశ్వరి ఖాళీ బిందె తెచ్చి అతని కాళ్ల మీదికి విసిరింది. నీ ఇంట్ల పీనుగెళ్ల అని కూడా అంది. ఇప్పుడు కొంగుతో కుర్చీ తుడిచి, కూసో అన్నా, నిలబడకు అంటోంది. లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు చుట్టూ చేరి, సూది ఎక్కడ వేస్తారు, ఎంత లావు ఉంటుంది అని అడిగారు. ఒకామె, మా మరిది ఉన్నాడు, అన్నకు గోరు కత్తిరించి ఇమ్మన్నా ఇయ్యడు అంది.

డానియేలు కూర్చున్నాడు. వద్దని ఒకసారి అన్నాడు గానీ, రెండోసారి అనలేదు. ఈ గల్లీలో అతను ఎన్నడూ కూర్చుని ఎరగడు. కూర్చుంటే ఇక్కడి నుంచి ఇళ్లు వేరుగా కనపడతాయి. గుమ్మాల మీద పెయింటుతో రాసిన పేర్లు, గూట్లో కోడిపిల్లలు, అన్నీ ఇప్పుడే చూస్తున్నట్టుంది. మజ్జిగలో కరివేపాకు కూడా వేసింది మహానుభావురాలు.

“నొప్పున్నదా అన్నా?” అని మహేశ్వరి అడిగింది.

అతని చేయి దానంతట అదే నడుము మీదికి పోయింది. “జర,” అన్నాడు.

అంతవరకూ ఆ అబద్ధం ఆగమ్మది. ఆ ఒక్క మాటతో అది తనదైందని డానియేలుకు తెలుసు. తెలిసి కూడా చేయి తీయలేదు. ఆడవాళ్లంతా చ్చొచ్చొ అన్నారు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. అయినా ఆ చ్చొచ్చొ చెవికి ఇంపుగానే ఉందని ఒప్పుకోవాలి.

మధ్యాహ్నానికే రామ్‌చందర్ అతణ్ణి సూదికి పొమ్మని తరిమాడు. సూది లేదు, చోటూ లేదు. ఎక్కడికి పోతాడు. ఆసుపత్రికి పోయి జోయెల్ గది అద్దం ముందు నిలబడ్డాడు.

జోయెల్‌ను ఒంటరి గదిలో పెట్టారు. తల నున్నగా అయింది, పెదాలు పుండ్లు పడ్డాయి. లోపలి నుంచి ఫోను పట్టుకుని, మాటలు కూడదీసుకుంటూ మాట్లాడాడు. తన మూలుగను మందుతో కాల్చేస్తున్నారని, ఇంక వెనక్కి పోయేది లేదని డాక్టర్ చెప్పాడట. “సోనీకి ఇప్పుడు జరం గిట్ల వచ్చిందనుకో, నేను పోయినట్టే అన్నా,” అన్నాడు. “ఆమె పండుకుంటుందా? పనికి పోతలేదు కదా?”

“పోతలేదు. పండుకునే ఉంటది,” అన్నాడు డానియేలు.

జోయెల్ తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. సోనీ ఆ సమయానికి దుకాణంలో చీరలు మడతపెడుతూ ఉంటుంది. సెలవు అడగాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది చర్చి వాళ్లే.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మంచం మీద, కింద చాప మీద మనుషులు. డానియేలును చూడటానికి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు, బిస్కెట్లు తెచ్చారు. బాలమ్మ కూడా వచ్చింది. కాబోయే అత్త వచ్చిందని సోనీ దుకాణం నుంచి వచ్చి, కట్టుకున్న చీర కూడా మార్చుకోకుండా పొయ్యి దగ్గర నిలబడి చాయ్ పెడుతోంది. అంతకుముందే దారిలో దిగి సూది వేయించుకుని వచ్చింది. తోడు వస్తానని డానియేలు రోజూ అంటాడు, ఆటోలో పోతా నువ్వొద్దు అని ఆమె రోజూ అంటుంది.

ఆగమ్మ వచ్చినవాళ్లందరికీ పెద్దకొడుకు గురించి చెబుతోంది. చిన్నప్పుడు కూడా తమ్ముడికి పెట్టకుండా ఏదీ తినలేదట. డానియేలుకే గుర్తులేని సంగతులు. చెప్పేకొద్దీ ఆమె గొంతులో నిజంగానే తడి వస్తోంది. అబద్ధం చెబుతున్నానన్న సంగతి ఆమె మరిచిపోయిందేమో అనిపించింది అతనికి.

సోనీ పళ్లెంలో కప్పులు పెట్టుకుని వచ్చింది. అందరికీ వంగి ఇవ్వాలి. మొదటి ఇద్దరికీ ఇచ్చింది. మూడో మనిషి దగ్గర వంగిందల్లా లేవలేక, ఒక్క క్షణం అలాగే ఆగింది. పళ్లెంలో కప్పులు సన్నగా గలగలమన్నాయి. పిల్ల అలిసిపోయింది పాపం అని ఎవరో అన్నారు. అలసిపోదా మరి, అన్నకు సేవ చేయొద్దా అని ఇంకొకరు అన్నారు.

డానియేలు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. లేచి ఆ పళ్లెం అందుకోవాలని అతనికి ఎంత అనిపించిందంటే, కాళ్లు నేలకు ఆనాయి కూడా. “నువ్వు లేవకు బిడ్డా,” అని బాలమ్మ అతని భుజం మీద చేయి వేసి ఆపింది. ఆగిపోయాడు. చివరికి భాగ్యశ్రీ వచ్చి సోనీ చేతిలోని పళ్లెం తీసుకుంది. తీసుకుంటూ మొగుడి వైపు ఒక చూపు చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె చాలాసార్లు కోపంగా చూసింది గానీ, అలా చూడటం అదే మొదలు. ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది.

అందరూ వెళ్లాక, ఇంక చెప్పేద్దామమ్మా అన్నాడు డానియేలు. ఆగమ్మ మెటికలు విరుచుకుంటూ కూర్చుంది. చెప్తే బాలమ్మ ముందర నా తల ఎక్కడ పెట్టుకోవాలె, ఇన్ని దినాలు ఎందుకు దాచినవంటే ఏమనాలె అంది. సోనీ అప్పటికే లోపల గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో లేదో తెలియదు. నాలుగు దినాలు ఓర్చుకుంటే అయిపోయేదానికి ఏం ఫికర్ అని ఆగమ్మ దీపం తీసేసింది. డానియేలు గట్టిగా వాదించలేదు. వాదించి గెలిస్తే రేపు పొద్దున్నే ఆ గల్లీలో ఏ ముఖంతో తిరగాలో అతనికి తెలియలేదు.

*

ఆదివారం చర్చిలో పాట అయ్యాక సాక్ష్యాలు. ఆ వారం తమకు జరిగిన మేలు గురించి ఎవరైనా లేచి నిలబడి చెప్పడం అక్కడి వాడుక. ఒకామె కొడుక్కు జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన పోయిన ఫోను దొరికిందని చెప్పాడు. తర్వాత పాస్టరయ్య తనే మైకు పట్టుకుని, మన మధ్య ఒక అన్న ఉన్నాడు అని మొదలుపెట్టాడు. అందరి తలలూ తిరిగాయి. డానియేలు ముందుకు రావాల్సి వచ్చింది. భుజాల మీద శాలువా కప్పారు.

మైకు చేతికి వచ్చింది. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లలో మూడో వరసలో సోనీ, ఆమె పక్కన భాగ్యశ్రీ, ఆగమ్మ. వాళ్ల వెనక బాలమ్మ. ఇక్కడ అబద్ధం చెప్పకూడదు అనుకున్నాడు డానియేలు. ఇదే మంచి సమయం, ఇక్కడైతే అందరూ ఒక్కసారే వింటారు, క్షమించమని అడిగితే అయిపోతుంది అనుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“నేను పెద్దగ చేసిందేం లేదు,” అన్నాడు.

ఆమెన్ అన్నారు వెనక నుంచి. ఇంత చేసి ఏమీ లేదంటున్నాడు చూడు అన్నట్టు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతా ఎదురుచూస్తున్నారు. గాలికి శాలువా అంచు మెడకు తగులుతోంది. నీళ్లు రాలేదని ఇంటి మీదికి వచ్చిన మనుషులు వీళ్లే, ఇందులో సగం మంది. ఇప్పుడు కళ్లల్లో నీళ్లు పెట్టుకుని చూస్తున్నారు. నిజం ఇంకొక్క మాట దూరంలోనే ఉంది. ఆ మాట అనడానికే నోరు తెరిచాడు. తెరిస్తే వేరేది వచ్చింది.

“తమ్ముని కోసం గీ మాత్రం ఓర్చుకోకపోతే ఎట్ల,” అన్నాడు. “రాత్రిపూట నడుముల ఎముక కొట్టుకుంటనే ఉంటది. గుండె ఎట్ల కొట్టుకుంటది, గట్ల. నా గుండె జారి నడుముల పడ్డదా అనిపిస్తది.”

ముందు వరసలో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాస్టరయ్య అతని తల మీద చేయి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. డానియేలు మూసుకోలేదు. మూడో వరసలో సోనీ తల వంచుకుని, చీర కుచ్చిళ్లను ఒక్కొక్కటిగా వేళ్లతో సర్దుకుంటోంది, దుకాణంలో చీర మడతపెట్టినట్టే. భాగ్యశ్రీ మాత్రం కళ్లు తెరిచి నేరుగా అతన్నే చూస్తోంది.

దొంగతనం చేసినవాడికి కూడా ఇంత సిగ్గు ఉండదేమో. దొంగ కనీసం పరాయివాళ్ల ఇంట్లో వస్తువు తీస్తాడు. డానియేలు చెల్లెలి నోట్లో మాట తీశాడు, ఆమె ముందే, మైకులో.

ఇంటికి నడుస్తున్నప్పుడు సోనీ అతని పక్కకు వచ్చింది. ఏదైనా అంటుందని, అంటే బాగుండునని అతను చూశాడు. “మంచిగ చెప్పినవన్నా,” అని మాత్రం అంది. వెటకారమో నిజమో ఆమె ముఖంలో వెతికాడు, తెలియలేదు.

*

విత్తనం తీసే రోజు పొద్దున సోనీ పడక మీద పడుకుని ఉంది. రెండు చేతుల్లోనూ సూదులు. ఒక చేతి నుంచి రక్తం మిషన్‌లోకి పోతోంది, కావలసింది పట్టుకుని మిగతాది ఇంకో చేతిలోకి తిరిగి వస్తోంది. చేతులు వంచకూడదు, కదపకూడదు. మధ్యాహ్నం దాకా ఇంతే అని నర్సు చెప్పింది. పెదాలు తిమ్మిరెక్కితే చెప్పమంది, కాల్షియం మందు ఇస్తానంది.

ఊరందరి లెక్కలో మూలుగ ఇస్తున్న డానియేలు పక్కన స్టూలు మీద మాస్కు కట్టుకుని కూర్చున్నాడు. ఆగమ్మ పై అంతస్తులో జోయెల్ అద్దం ముందు ఉంది. మిషన్ మీద చిన్న సంచిలో లేత ఎరుపు రంగు ద్రవం కొద్దికొద్దిగా నిండుతోంది. అదే జోయెల్‌కు ఎక్కించేది. జ్వరం రాలేదు, ఏదీ తప్పిపోలేదు. ఆ సంచి వైపు చూస్తుంటే డానియేలుకు ఒంట్లోని ఎముకలన్నీ తేలికైనట్టనిపించింది. ఇంకెంత, ఇది పైకి పోతే చాలు.

తలుపు తోసుకుని వివేక్ వచ్చాడు. చేతిలో కొబ్బరిబోండం, స్ట్రా.

డానియేలు స్టూలు మీద నుంచి ఎగిరి లేచాడు. సోనీకీ తలుపుకూ మధ్య అడ్డం నిలబడ్డాడు. ఏం చెప్పాలో తోచక, నాది అయిపోయింది వివేక్, జర తక్కువ పడ్డదంటే సోనీది ఊరికే కొంచెం రక్తం తీస్తుండ్రు అన్నాడు. ఇంకా ఏదో కలిపి చెప్పబోయాడు.

వివేక్ నేల వైపు చూశాడు. “బావా, నాకు తెలుసు,” అన్నాడు. “మొదట్నుంచి తెలుసు. సోనీ ఆ దినమే ఫోన్ చేసి చెప్పింది. రోజు సూదికి తోల్కపోయింది నేనే, బండి మీద.”

డానియేలు మాస్కు గడ్డం కిందికి లాక్కుని చెల్లెలి వైపు తిరిగాడు. ఆమె పైకప్పు చూస్తోంది.

“మరి మీ అమ్మకు?”

వివేక్ చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. బోండం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. శనివారం నాడు చెప్పానని, అమ్మ తప్పుగా ఏమీ అనలేదని, పిల్ల గట్టిది, మన ఇంటికి ఇంత గట్టి పిల్ల రావడం మంచిదే అందని చెప్పాడు.

శనివారం. డానియేలు లెక్క వేసుకోనక్కర్లేదు. ఆదివారం చర్చిలో బాలమ్మ ఆగమ్మ వెనకే కూర్చుని ఉంది. గుండె జారి నడుములో పడ్డదని అతను మైకులో చెప్పినప్పుడు, ఆ నడుము ఎవరిదో తెలిసే వింది. తెలిసే, బయటికి వస్తూ అతని చేతులు పట్టుకుని, దేవుడు నిన్ను దీవిస్తాడు బిడ్డా అంది. ఎవరికి తెలియకూడదని దాచారో ఆ మనిషికే అన్నీ తెలుసు. అంటే ఈ నాటకం అవసరమైంది ఎవరికి?

ఇంక ఒక్క నిమిషం కూడా మోయలేననిపించింది. జేబులోంచి ఫోను తీసి రామ్‌చందర్‌కు కలిపాడు. రామ్‌చందర్ గల్లీ మధ్యలోనే ఉన్నాడు, వెనక బిందెల చప్పుడు, ఆడవాళ్ల మాటలు. అన్నా, నీది అయిపోయిందా, ఎట్లున్నవని వాళ్లంతా అడుగుతున్నారంటూ ఫోను అందరికీ వినపడేలా పెట్టాడు.

“రామ్‌చందర్, మంచిగ ఇను,” అన్నాడు డానియేలు. “ఇచ్చేది నేను కాదు. సోనీ ఇస్తుంది. సూదులన్ని ఆమెకే. నాది కలువనే లేదు. నేను ఊకె పక్కన కూసున్న.”

అవతల బిందెల చప్పుడు ఆగింది. తర్వాత మహేశ్వరి గొంతు, కొంచెం దూరం నుంచి: “సూడుండ్రి, ఆఖరికి ఆ పేరు గూడ చెల్లెకే ఇస్తుండు. గిట్లాంటి మనిషిని పట్టుకొని ఎన్ని మాటలన్నమో మనం.”

కాదమ్మా అన్నాడు డానియేలు. నిజంగా చెబుతున్నా అన్నాడు. ఏసయ్య తోడు అని కూడా అన్నాడు. అతను ఎంత గట్టిగా చెబితే అవతల అంత మెత్తబడుతున్నారు. నువ్వు మాట్లాడకన్నా, అలిసిపోతవు, పండుకో అని రామ్‌చందర్ జాలిగా అని ఫోను పెట్టేశాడు.

సోనీ నవ్వుతోంది. చేతులు కదలకుండా, పొట్ట మాత్రం కదులుతూ. కదలొద్దమ్మా అని నర్సు కసిరింది. వివేక్‌ను పైకి పంపి, సగం నిండిందని ఆగమ్మకు చెప్పి రమ్మంది సోనీ. అతను బోండం కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లాడు.

“వివేక్‌కు తెలుసని నాకెందుకు చెప్పలే?” అని అడిగాడు డానియేలు. అడగడం కోపంగానే మొదలుపెట్టాడు గానీ, మాట చివరికి వచ్చేసరికి గొంతులో కోపం మిగల్లేదు.

సోనీ పెదాలు తిమ్మిరెక్కాయేమో, నాలుకతో తడుపుకుంది.

“చెప్దామనే వచ్చిన. సూదులు మొదలైన కొత్తల్నే,” అంది. “గల్లీ మలుపు కాడికొచ్చేవరకు మహేశ్వరక్క నీకు కుర్చీ వేసింది. నువ్వు కూసున్నవు. నేను పుట్టినకాడి నుంచి చూస్తున్న, ఆ గల్లీల బాపును ఎవరు కూసోమనలే. నిన్ను అనలే. కూసున్నప్పుడు నీ ముఖం ఎట్లయిందో నీకు తెల్వదు. నీ ముఖం గట్ల నేనెన్నడు చూడలే. ఎట్ల చెప్పాలె నీకు? గందుకే వివేక్‌ను, వాళ్లమ్మను గూడ నేనే చెప్పద్దన్న.”

“చర్చిల నేను చెప్పింది...” అన్నాడు డానియేలు.

“ఆ. అవి నా మాటలే,” అంది సోనీ మామూలుగా. “నొప్పి నాకుంటది, అన్నకు జర మర్యాద ఉంటది, పోనీ అనుకున్న. నువ్వు మైకు పట్టుకున్నప్పుడు మాత్రం జర బాధైంది. ఎందుకు అబద్ధం చెప్పాలె.”

డానియేలు లేచి కిటికీ దగ్గరికి పోయి బయటికి తిరిగి నిలబడ్డాడు. బయట చూసేందుకేమీ లేదు, పక్క భవనం గోడ తప్ప. చెల్లెలికి తన ముఖం కనపడకూడదు, అంతే. కూర్చున్నప్పటి ఆ ముఖాన్ని ఆమె చూసింది. శాలువా కప్పుకున్నప్పుడు చూసింది. ఇన్ని రోజులూ, ఎముకల నొప్పితో దుకాణానికి పోతూ, వచ్చినవాళ్లకు వంగి చాయ్ ఇస్తూ, ఆ ముఖాన్ని కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు ఉన్న ముఖాన్ని కూడా చూడనివ్వడం అతని వల్ల కాలేదు.

“అన్నా,” అని పిలిచింది సోనీ వెనక నుంచి. “పెదాలు ఎండిపోతున్నయి. చేతులు కదపరాదు నాకు. ఇటు తిరిగి జర ఆ బోండం తాపు.”

కిటికీ గట్టు మీది బోండం అందుకుని, డానియేలు తిరగక తప్పలేదు.